హైదరాబాద్ నుంచి జిద్దా: టికెట్‌లో మూడు గంటలు, గాల్లో ఆరు గంటలు

ఉమ్రా టికెట్ చేతికి రాగానే ఇంట్లో చాలామంది అనే మాట, "జిద్దాకి మూడు గంటలేనా?" కాదు. దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికే ఐదున్నర నుంచి ఆరు గంటలు పడుతుంది.

టికెట్ మీద ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ సౌదీది. వాళ్లు మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం 10:00కి బయలుదేరి 5 గంటల 45 నిమిషాలు ఎగిరితే మన వాచీలో 3:45, అక్కడ 1:15. వాపసులో లెక్క తిరగబడుతుంది. పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి ప్రయాణం కాస్త తగ్గుతుంది, టికెట్‌లో మాత్రం ఏడెనిమిది గంటలు కనిపిస్తాయి!

అసలు చిక్కు ఇహ్రామ్‌తో. మీఖాత్ గాల్లోనే, జిద్దాలో దిగకముందే వస్తుంది. దాన్ని ఇహ్రామ్ లేకుండా దాటితే దమ్ ఇవ్వాలని ఎక్కువమంది ఉలమా చెబుతారు. "దిగే ముందు కట్టుకుందాంలే" అనుకుని నిద్రపోతే, రెండు టైముల గందరగోళంలో ఆ ఘడియ దాటిపోవచ్చు. విమానం బాత్రూమ్‌లో బట్టలు మార్చుకోవడం పెద్దవాళ్లకు ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అందుకే మగవాళ్లు ఇంట్లోనో ఎయిర్‌పోర్టులోనో ఇహ్రామ్ బట్టలు కట్టుకోవడం మేలు. నియ్యత్, తల్బియా మీఖాత్ దగ్గరపడ్డాక చేసుకోవచ్చు. చాలా విమానాల్లో అనౌన్స్ చేస్తారు, లేదంటే సిబ్బందిని ముందే అడిగిపెట్టుకోండి.

ఇంకొకటి, షుగర్, బీపీ మాత్రలు చేతి బ్యాగులోనే ఉంచండి. జిద్దా నుంచి మక్కాకి ఇంకో 80 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం ఉంది.