వెబ్ పేజీ వెనక రిజిస్టరు

మన సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తుల రిజిస్టరు ఇప్పుడు కంప్యూటర్లో ఉంది. దానిని వెబ్‌సైట్‌కు కలిపితే కనిగిరి, పామూరు పిల్లలు ఆఫీసు చుట్టూ తిరగకుండా తమ దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఫోనులోనే చూసుకుంటారు కదా అని కొందరు సభ్యులు అడిగారు. కలపవచ్చు. అయితే రోజూ రాతకోతలు జరుగుతున్న రిజిస్టరుకు బయటి నుంచి దారి ఇస్తే లోపల ఏం జరుగుతుందో అందరికీ తెలిసి ఉండాలి.

అందరికీ అనుభవమైన రైలు టికెట్‌నే చూద్దాం. మనలో చాలామంది రైలెక్కేది ఒంగోలులోనో మార్కాపురం రోడ్డులోనో అయినా టికెట్ ఇంట్లో కూర్చునే తీస్తున్నాం. రైల్వేవారి కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో సికింద్రాబాదులో మొదలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలతో కలిసి దేశమంతా ఒకే వ్యవస్థ అయింది. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో టికెట్లు మొదలయ్యాయి. ఆ పేజీలో సీట్లేమీ లేవు. అది అడుగుతుంది, లోపలి పద్దు జవాబిస్తుంది, అంతే.

నిన్నటి నకలు చూసి జవాబిస్తే? మిగిలిన ఒక్క బెర్తు ఇద్దరికీ అమ్ముడుపోతుంది. అందుకే ఒకరి పని నడుస్తున్నంతసేపు ఆ బెర్తుకు తాళం పడుతుంది. పని పూర్తిగా అయినా కావాలి, అసలు కాకుండానైనా పోవాలి. దీనినే ట్రాన్సాక్షన్ అంటారు. మరి డబ్బు కట్ అయి టికెట్ రాకపోవడం ఎందుకు? డబ్బు పద్దు బ్యాంకుది, సీట్ల పద్దు రైల్వేది. మధ్యలో తెగితే రెండింటినీ తర్వాత సరిచూసి డబ్బు వెనక్కి వేస్తారు.

తత్కాల్ వేళ, ఏసీకి 10 గంటలకు, మిగతా తరగతులకు 11 గంటలకు, లక్షల మంది ఒకేసారి వస్తారు. ప్రతి ఫోనూ డేటాబేస్‌ను నేరుగా తాకదు. మధ్యలో ఒక ప్రోగ్రాం కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుకుని, ఒకరి పని కాగానే అదే కనెక్షన్‌ను మరొకరికి ఇస్తుంది. బ్యాంకులో నాలుగు కౌంటర్లు, బయట పెద్ద వరుస ఉన్నట్లు. దీన్ని కనెక్షన్ పూల్ అంటారు.

ఇక మన రిజిస్టరు సంగతి. అది రిలేషనల్ డేటాబేస్: విద్యార్థులు ఒక పట్టికలో, దరఖాస్తులు మరొక పట్టికలో, రెంటినీ ముడివేసే నంబరు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో చెప్పిన పద్ధతి ఇది. మాకు భయం రద్దీ గురించి కాదు, అందులో ఉన్న వివరాల గురించి. తండ్రి లేని పిల్లలెవరో, ఏ ఇంటి ఆదాయం ఎంతో, బ్యాంకు ఖాతా నంబర్లతో సహా అక్కడే ఉన్నాయి. దరఖాస్తు నంబరు అడిగే గడిలో ఎవరైనా నంబరుకు బదులు "లేదా ఒకటి ఒకటికి సమానం" అనే అర్థమొచ్చే ఎస్‌క్యూఎల్ ముక్క టైపు చేశారనుకోండి. ప్రోగ్రాం దాన్ని యథాతథంగా తన ప్రశ్నలో అతికిస్తే, ఆ షరతు ఎప్పుడూ నిజమే కనుక రిజిస్టరంతా బయటపడుతుంది. ప్రశ్నను ముందే విడిగా రాసిపెట్టి, గడిలో రాసినదాన్ని కేవలం విలువగా పంపితే ఈ ఆట సాగదు.

అది చాలదు. ఆ ప్రోగ్రాంకు వేరే యూజర్ పేరు ఇచ్చి, దరఖాస్తు నంబరు, దాని స్థితి మాత్రమే చదివే అనుమతి ఇవ్వాలి. పాస్‌వర్డ్ సర్వర్‌లోనే ఉండాలి, పేజీ కోడ్‌లో ఉండకూడదు. డేటాబేస్ ఇంటర్నెట్‌కు నేరుగా కనిపించకూడదు.

నిజానికి మనకు లైవ్ అవసరమా? ఒకే బెర్తు కోసం ఇద్దరు పోటీపడే చోట అది తప్పదు. కమిటీ వారానికొకసారి కూర్చునే చోట, రాత్రికోసారి ఆ రెండు గడులను మాత్రం వేరే డేటాబేస్‌కు నకలు తీసి చూపితే సరిపోతుందని మా అభిప్రాయం. రంజాన్ సరుకులు, జకాత్ సాయం అందుకున్న కుటుంబాల జాబితాను మాత్రం ఏ వెబ్‌సైట్‌కూ కలపబోము. ఫోను లేనివారు ఎప్పటిలాగే ఆఫీసుకు వచ్చి రసీదు చూపి, తమ దరఖాస్తు సంగతి అడగవచ్చు.