పాత బండికి క్రొత్త ఇంజను



నేటి ప్రసంగవిషయము వినగానే కొందరికి నవ్వు రావచ్చును. ముప్పది యేండ్లకు పైగా బాలవ్యాకరణము చెప్పిన తెలుగు పంతులు మోటారు ఇంజనులను గూర్చి చెప్పుట యేమని యడుగవచ్చును. నాకు బండి నడుపుట రాదు. కాని మా లక్సెట్టిపేటలో మంచిర్యాల దారి వెంబడి నున్న షెడ్డులలో పనిచేయు మెకానిక్కులు కొందరు నాయొద్ద చదివినవారే. ఉద్యోగవిరమణ యైన పిమ్మట సాయంకాలములందు అచ్చట కూర్చుండి అడిగి తెలిసికొన్న సంగతులివి. నాకు సందేహము కలిగినవానిని పుస్తకములలో చూచి సరిచూచుకొంటిని.

మా ప్రాంతమున పికప్ బండి యనునది ఒక కుటుంబమునకు కాడియెడ్ల వంటిది. కిరాణాసరకులో సిమెంటు బస్తాలో వేసికొని దండేపల్లి, జన్నారము, ఉట్నూరు పోయి వచ్చినగాని ఆ యింట పొయ్యి వెలుగదు. కాలము గడచిన కొలది బండి చట్రము గట్టిగనే యుండును గాని ఇంజను అరిగిపోవును. నూనె త్రాగును, పొగ చిమ్మును, ఎక్కుడు దారిలో నిలిచిపోవును. క్రొత్తబండికి లక్షలు కావలెను. మరియొక బండినుండి దించిన ఇంజను పాతసామాను అంగడిలో అందులో కొద్ది భాగమునకే దొరకును. అది టర్బో డీజిలు ఇంజనైనచో ఆశ రెండింతలగును. ఇట్టి మార్పు మన దేశమున క్రొత్తదియు కాదు. పెట్రోలు వెల హెచ్చి డీజిలు చౌకగా నుండిన 1970, 1980 దశకములలో అంబాసిడరు కార్లలోను జీపులలోను పెట్రోలు ఇంజను తీసివైచి డీజిలు ఇంజను పెట్టించుకొన్నవారు అసంఖ్యాకులు.

ముందుగా డీజిలు ఇంజను పని యెట్టిదో చూతము. 1897లో జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిలు అను ఇంజనీరు తన యంత్రమును నడిపి చూపెను. దాని శక్తి సుమారు 20 అశ్వబలములు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు కావలెను. డీజిలు ఇంజనులో దానితో పని లేదు. సిలిండరులోనికి గాలిని మాత్రమే పీల్చి, ఇరువదవ వంతు ప్రాంతమునకు కుదించినచో ఆ గాలియే నిప్పువలె కాగును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వెచ్చనగుట మనమందరము ఎరిగినదే. అట్లు కాగిన గాలిలోనికి నాజిలు ద్వారా సన్నని తుంపరగా డీజిలు చిమ్మినంతనే అది తనంత తాను అంటుకొని పిస్టనును త్రోయును.

ఇచ్చట ఒక లెక్క కలదు. ఒక పాలు డీజిలు పూర్తిగా మండుటకు తూకములో పదునాలుగున్నర పాళ్ల గాలి కావలెను. గాలి చాలనిచోట డీజిలు ఎంత యెక్కువ పోసినను బలము రాదు, నల్లని పొగ వచ్చును. కనుక ఇంజను బలమునకు హద్దు డీజిలు కాదు, గాలి. ఈ హద్దును దాటించునదే టర్బో. స్విట్జర్లాండు దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీనికి పేటెంటు పొందెను. ఇంజను బయటికి విడుచు వేడిపొగ సామాన్యముగా సైలెన్సరు గుండ పోయి వ్యర్థమగును. దాని దారిలో ఒక చిన్న చక్రము నుంచినచో పొగవేగమునకు అది తిరుగును. అదే యిరుసు రెండవ కొనయందు మరియొక చక్రము నుంచినచో అది బయటిగాలిని పట్టి ఇంజనులోనికి కుక్కును. వాతావరణపు ఒత్తిడికి సగము అదనముగా కుక్కగలిగినచో అదే సిలిండరులో ఒకటిన్నర రెట్లకు చేరువగా గాలి పట్టును. ఆ మేరకు డీజిలును హెచ్చుగా మండింపవచ్చును. ఆ చిన్న చక్రములు నిమిషమునకు లక్షకు పైబడి తిరుగుననగా నేను మొదట నమ్మలేదు. వానిని మోయునది పలుచని నూనెపొర మాత్రమే.

మంచిర్యాల స్టేషనులో పాత డీజిలు రైలింజనుల కూతతోబాటు సన్నని ఈల యొకటి విన్నవారు నా యీడువారిలో పెక్కురుందురు. ఆ ఈల టర్బోదే. 1962 నుండి మన రైళ్లకు వచ్చిన డబ్ల్యూ.డి.ఎం.-2 ఇంజను పదునారు సిలిండర్లతో, టర్బోతో 2600 అశ్వబలములు గలది. కాజీపేట షెడ్డులో ఇట్టివి పెక్కు లుండెను. కార్లకు టర్బో డీజిలు వచ్చినది కొంత ఆలస్యముగా. 1978లో మెర్సిడిస్ వారు దానిని అమ్మకమునకు తెచ్చిరి.

ఇక మన పికప్ సంగతి. టాటావారు 1988లో టాటామొబైల్ 206 అను పికప్‌ను విడుదల చేసిరి. దాని ఇంజనుకు 483 అని పేరు. నాకు పేర్ల వ్యుత్పత్తి విచారించుట పుట్టుకతో వచ్చిన జాడ్యము. ఇందు 4 అనునది సిలిండర్ల సంఖ్య, 83 అనునది సిలిండరు వ్యాసము మిల్లీమీటర్లలో. పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. లెక్కకట్టినచో 1948 ఘనసెంటీమీటర్లు వచ్చును. ఇదే కుటుంబపు ఇంజను 1991లో సియెర్రాకును, 1994లో సుమోకును వచ్చినది. 1998లో సఫారీ వెలువడినపుడు ఆ 1948 ఇంజనుకే టర్బో తగిలించిరి. టర్బో లేనిది 60 పైచిలుకు అశ్వబలములు, ఉన్నది 90 ప్రాంతము. బయటికి చూచిన రెండును తోడబుట్టినవే. అందుచేతనే పాత టాటామొబైల్ యజమానికి సఫారీ ఇంజను కంటబడినచో మనసు నిలువదు.

నా శిష్యుడొకనికి అట్లే యైనది. ఉట్నూరు వైపు సరకులు తోలువాడు. ఇద్దరు పిల్లల చదువు, తల్లి మందులు, బండిపై మిగిలిన అప్పు అన్నియు ఆ నాలుగు చక్రములమీదనే యున్నవి. ఒకనాడు షెడ్డునకు వచ్చి, "సారూ, ఎక్కుడు మీద బండి గుంజుతలేదు. సఫారీ ఇంజను ఒకటి దొరికింది. గది ఏస్తే మూడో గేర్ల ఉరుకుతది" అనెను. బోనెట్టు క్రింద తల దూర్చిన మెకానిక్కు తల యెత్తకయే, "ఉరుకుతది సరే, ఆపేదెవరు?" అనెను. వాడును నా శిష్యుడే. వీనికంటె రెండేండ్లు చిన్న. తరగతిలో ఎన్నడును అంత క్లుప్తముగా సమాధానము చెప్పినవాడు కాడు.

వ్యాకరణము చదివినవారికి ఆగమము, ఆదేశము అను రెండు తెలియును. ఉన్నదానిని కదల్పక ప్రక్కన వచ్చి చేరునది ఆగమము. ఉన్నదానిని తొలగించి దాని చోట కూర్చుండునది ఆదేశము. మొదటిది మిత్రునివలె, రెండవది శత్రువువలె వచ్చునని మా గురువులు చెప్పెడివారు. పాత ఇంజనుకు టర్బో తగిలించుట ఆగమము. ఇంజనునే మార్చుట ఆదేశము. అయితే ఇచ్చట ఆ మిత్రుడును నమ్మదగినవాడు కాడు. టర్బోకై తయారైన ఇంజనులో పిస్టనులు, గాస్కెట్టు, నూనెదారులు ఆ వేడిమిని ఓర్చునట్లుండును. సాదా ఇంజనుకు పైనుండి టర్బో బిగించినచో కొన్నాళ్లకు పిస్టను కరగును, లేదా హెడ్డు గాస్కెట్టు పోవును. ఇక ఆదేశమునకు శాస్త్రమున స్థానివద్భావ మని యొకటి కలదు. అనగా వచ్చినది పోయినదాని ధర్మములను పొందునని భావించుట. మన షెడ్డులలో ఇంజను మార్పించువారందరును ఈ స్థానివద్భావమునే నమ్మి కూర్చుందురు. పాతది నాలుగు బోల్టులమీద కూర్చున్నది, క్రొత్తదియు కూర్చున్నది, పని యైనదందురు. పాణిని యీ సూత్రమునకు ఒక మినహాయింపును కూడ చెప్పినాడు. బండికి మినహాయింపులు మరింత యెక్కువ.

అవి యెట్టివో వరుసగా కాక, మెకానిక్కు ఆనాడు చెప్పిన తీరుననే చెప్పుదును. ఇంజను వెనుకభాగము గేరుబాక్సు ముందరి గుల్లకు అతుకవలెను. ఒకే కుటుంబమైనచో అతుకును, వేరు కంపెనీదైనచో నడుమ ఇనుపపలక కోయించి పెట్టవలెను. ఆ పలక వెండ్రుకవాసి వంకరయైనను క్లచ్చి ప్లేటును, గేరుబాక్సు ఇరుసును తినివేయును. అతికినదని సంతోషించుటకు లేదు. పాత క్లచ్చి అరువది అశ్వబలములకు చేసినది. తొంబది వచ్చిపడినచో బరువుతో ఎక్కుడు ఎక్కునపుడు జారి కాలిపోవును. ఆ వెనుక గేరుపండ్లు, ప్రొపెల్లరు షాఫ్టు, డిఫరెన్షియలు, ఇరుసులు. మెలిబలము హెచ్చినపుడు వీనిలో ఏది బలహీనమో అది ముందు తెగును. రేడియేటరు పెద్దది కావలెను, ఎక్కువ డీజిలు మండినచోట ఎక్కువ వేడి పుట్టునుగదా. టర్బోకు నూనెగొట్టము, తిరిగి వచ్చుటకు వెడల్పైన మరియొక గొట్టము అమర్చవలెను. కుదించిన గాలి కాగును గనుక దానిని చల్లార్చు ఇంటర్‌కూలరుకు గ్రిల్లు వెనుక చోటు వెదకవలెను.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది బ్రేకు. పెట్రోలు ఇంజను తానే శూన్యమును కల్పించి బ్రేకుకు సాయము చేయును. డీజిలు ఇంజను చేయజాలదు. అందుకై వేరుగ ఒక వాక్యూము పంపు, చాలబండ్లలో డైనమో వెనుకనే, అమర్చియుండును. ఇంజను మార్చునపుడు ఆ గొట్టము సరిగా బిగియనిచో బ్రేకు పెడలు రాయివలె గట్టిపడును. బండి షెడ్డునుండి కదలునపుడు ఇది తెలియదు. దిగుడు దారిలో తెలియును. సరిగనే బిగించితిమందము. గంటకు 40 కిలోమీటర్లతో పోవు బండి 60తో పోయినచో వేగము ఒకటిన్నర రెట్లే పెరిగినది. ఆపవలసిన శక్తి మాత్రము రెండుంబావు రెట్లు. డ్రమ్ములు, లైనింగులు పాతవే. ఎక్కుడు సులభముగ ఎక్కిన బండిమీద మరి పది బస్తాలు వేయుదురు, ఆ పైన కూలిజనము కూర్చుందురు. సరకుబండిలో మనుష్యులను ఎక్కించుట నేరమని తెలిసియు మన దారులలో ఇది నిత్యకృత్యము. ఆ దారిననే నా విద్యార్థులు బడికి నడచిపోవుదురు.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను స్పష్టముగా నున్నది. తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగా రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు యజమాని బండిని మార్చరాదు. గ్యాసు, బ్యాటరీ వంటి వేరు ఇంధనమునకు మార్చు కిట్టులకు ప్రత్యేక నియమములతో అవకాశము గలదు. పది బండ్లకు తక్కువ కాకుండ గలవారికి, అదే కంపెనీ అదే రకపు ఇంజనును మార్చుకొనుటకు రాష్ట్రప్రభుత్వము అనుమతి నీయవచ్చును. అట్టి మార్పును 14 దినములలో తెలియజేయవలెను. 2019 జనవరిలో సుప్రీముకోర్టు తయారీదారు వివరములకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతి లేని ప్రతి మార్పునకును 5000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసములవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. ఇది సామాన్యునికి కఠినమని కొందరందురు. నాకు అట్లు తోపదు. కాని ఒక్క బండి గలవాడు కార్యాలయముచుట్టు తిరుగుటయు, పది బండ్లవాడు తిరుగకుండుటయు న్యాయమా యని మాత్రము అడుగవచ్చును.

ఇందులో మరియొక చిక్కు గలదు. ఇంజనుమీద చెక్కిన సంఖ్య రిజిస్ట్రేషను పత్రములో ఉండును. పాతసామానులో దొరికిన ఇంజను ఏ బండిదో, ఆ బండి తుక్కునకు పోయినదో దొంగిలింపబడినదో రసీదు లేనిదే ఎవరు చెప్పగలరు? ప్రమాదము జరిగిన దినమున ఇన్సూరెన్సువారు మొదట చూచునది ఆ సంఖ్యనే.

ఈ సంగతులన్నియు విని నా శిష్యుడు రెండు దినములు షెడ్డు వైపు రాలేదు. మూడవనాడు వచ్చి కాగితముమీద లెక్క వ్రాసి చూపెను. సఫారీ ఇంజను వెల ఒక వరుస. దాని క్రింద క్లచ్చి, రేడియేటరు, గొట్టములు, బ్రేకులు, లేతుపని. మొత్తము ఇంజను వెలకు రెట్టింపు దాటినది. అప్పటికిని పత్రము మారదు. చివరకు తన పాత ఇంజనునే విప్పించి, సిలిండర్లు బోరు చేయించి, పిస్టనులు, రింగులు, బేరింగులు మార్పించినాడు. డీజిలు పంపును, నాజిళ్లను పరీక్షకు పంపినాడు. మిగిలిన సొమ్ముతో నాలుగు చక్రముల బ్రేకు లైనింగులు వేయించినాడు. ఇంజను సంఖ్య మారలేదు గనుక ఎవరి అనుమతియు అవసరము కాలేదు.

బండి ఇప్పుడు పొగ చిమ్ముటలేదు. ఉట్నూరు ఎక్కుడులో మాత్రము రెండవ గేరులోనే పోవును. వెనుక వచ్చు క్రొత్త టర్బో బండ్లు హారను కొట్టుచు దాటిపోవుచున్నవి. వీడు ఎడమకు తొలగి దారి యిచ్చును.