దారికి దారి కలిపే విద్య
— బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

ఆటలు కాలక్షేపానికేగాని వాటివల్ల ఒరిగేదేమీ లేదని పెద్దలలో ఒక అభిప్రాయం వుంది. కంప్యూటరు ఆటల విషయంలో ఆ అభిప్రాయం మరీ గట్టిది. అన్ని ఆటలనూ వెనకేసుకు రావటం నా ఉద్దేశం కాదు. కాని ఆడేవాడిచేత లెక్కలు వేయించి, రోజూ నడిచే రోడ్డునే కొత్తగా చూడమనే ఆట ఒకటుంది. దాని పేరు ‘సిటీస్: స్కైలైన్స్’. అందులో ఒక రోడ్డును మరొక రోడ్డుతో పొందికగా కలపటం ఎలాగో, అసలు పొందిక అంటే ఏమిటో ఈ వ్యాసంలో వివరించదలిచాను.

ఆట స్వరూపం

నగరాలు కట్టే ఆటలు కొత్తవి కావు. అమెరికాలో విల్ రైట్ రూపొందించిన ‘సిమ్ సిటీ’ 1989 లోనే వచ్చింది. ‘సిటీస్: స్కైలైన్స్’ను ఫిన్లాండు దేశంలోని టాంపెరె నగరానికి చెందిన కొలోసల్ ఆర్డర్ అనే సంస్థ తయారుచేసింది. అది 2015 మార్చిలో విడుదలైంది. 2023 అక్టోబరులో రెండవ ఆట కూడా వచ్చింది. నేను చెప్పబోయేది మొదటిదాని సంగతి.

ఆట మొదలయ్యేసరికి మనకు సుమారు రెండు కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఖాళీ నేల, దానికి ఆనుకుని ఒక హైవే, చేతిలో కొంత డబ్బు వుంటాయి. హైవేనుంచి దారి తీసి రోడ్లు వేస్తే, వాటి పక్కన ఇళ్ళు, అంగళ్ళు, ఫ్యాక్టరీలు లేస్తాయి. నేలంతా 8 మీటర్ల గళ్ళు. రోడ్డుకు ఒక్కో పక్క నాలుగు గళ్ళ లోతువరకే, అంటే 32 మీటర్లవరకే, కట్టడాలకు చోటు గుర్తించగలం. మన దేశంలోలాగా వాహనాలు ఎడమవైపు నడవాలంటే ఆ సంగతి మొదట్లోనే కోరుకోవాలి.

జనం పెరిగేకొద్దీ బండ్లు పెరుగుతాయి. అసలు ఆట అప్పుడు మొదలవుతుంది.

కాలువ చెప్పే పాఠం

కొత్తగా ఆడేవారు చాలామంది హైవేను తెచ్చి నేరుగా బజారులో కలుపుతారు. ట్రాఫిక్ నిలిచిపోతే ఆ రోడ్డును ఆరు లైన్లకు వెడల్పు చేస్తారు. అయినా నిలిచిపోతుంది. ఎందుకని?

మాది సాగర్ కుడికాలువ కింద వ్యవసాయం. ప్రధాన కాలువ గట్టుకు గండికొట్టి ఎవడూ చేలోకి నీళ్ళు పెట్టుకోడు. ప్రధాన కాలువనుంచి బ్రాంచి కాలువ, దానినుంచి మేజరు, మేజరునుంచి మైనరు, మైనరునుంచి పంట కాలువ. పెద్ద కాలువ పని నీటిని దూరం మోయటం. పంట కాలువ పని చేనుకు అందించటం. రెండు పనులూ ఒకే కాలువకు అప్పగిస్తే రెండూ చెడతాయి.

రోడ్లూ అంతే. హైవే మోస్తుంది, వీధి ఇంటికి చేరుస్తుంది, మధ్యరకం రోడ్లు ఈ రెంటినీ కలుపుతాయి. హైదరాబాదు చుట్టూ వున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును చూడండి. ఎనిమిది లైన్ల ఆ రోడ్డుమీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కనివ్వరు. ఏర్పాటుచేసిన చోట్లనే ఎక్కాలి, దిగాలి. పక్క ఊళ్ళవారికి సర్వీసు రోడ్లు వేరు.

ఐతే నీటికీ బండికీ ఒక తేడా వుంది. నీటికి పల్లం తప్ప మరేమీ తెలియదు. ఆటలో ప్రతి బండీ బయలుదేరేటప్పుడే తన దారి ఎంచుకుంటుంది. తిరగవలసిన మలుపుకు చాలా ముందే అందుకు తగిన లైనులో చేరిపోతుంది. అందుకే మూడు లైన్లలో రెండు బోసిగా వుండి, ఒక్కదానిలో లారీలు చీమల బారులాగా నిలబడటం కనిపిస్తుంది. లోపం రోడ్డు వెడల్పులో లేదు, కలిసే చోట వుంది.

కూడలిలో లెక్క

రెండేసి లైన్ల రోడ్లు నాలుగువైపులనుంచి వచ్చే మామూలు కూడలిలో, బండ్ల దారులు ఒకదాన్నొకటి ఖండించే, కలిసే, విడిపోయే స్థానాలు మొత్తం 32 అని ట్రాఫిక్ ఇంజనీరింగు లెక్క. మూడు రోడ్లు కలిసేచోట అవి 9. అంటే ఒక నాలుగు రోడ్ల కూడలిని కాస్త ఎడంగా రెండు మూడు రోడ్ల కూడళ్ళుగా విడదీస్తే 32 కాస్తా 18 అవుతుంది. ఒకే లైను వుండే రౌండ్ అబౌటులో 8 మాత్రమే! ఆటలో రౌండ్ అబౌటుకు అంత మోజు వుండటానికి కారణం దాని అందం కాదు, ఈ లెక్కే.

హైవేతో కలిపేటప్పుడు గుర్తుంచుకోవలసినవి నాలుగు.

ఒకటి: ముందు దిగే దారి, తరువాత ఎక్కే దారి. తారుమారైతే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆ కొద్దిపాటి దూరంలోనే ఒకరికొకరు అడ్డం పడతారు.

రెండు: లైన్ల లెక్క సరిపోవాలి. మూడు లైన్లలో ఒకటి దిగిపోతే మిగిలేవి రెండే. మళ్ళీ ఒకటి ఎక్కితే మూడు. తూము దాటాక కాలువ సన్నబడినట్లే ఇదీను.

మూడు: ఎక్కే దారి హైవేకు సన్నని కోణంలో, వంపుగా వచ్చి కలవాలి. అడ్డంగా వచ్చి గుద్దుకోరాదు.

నాలుగు: దిగిన వెంటనే కూడలి పెట్టరాదు. అక్కడ ఆగిన బండ్ల వరుస వెనక్కి పాకి హైవేను పట్టేస్తుంది.

ఇవేవీ పాటించకపోయినా ఆట మనమీద కాస్త జాలి చూపుతుంది. చాలాసేపు కదలని బండి దానంతట అది మాయమైపోతుంది. మన బస్టాండు సెంటర్లలో అలాంటి సౌకర్యం లేదు!

నేల లెక్క

ఇంతవరకూ ఆట చెప్పింది. ఇక ఆట చెప్పనిది.

రెండు హైవేలు కలిసేచోట నాలుగు రేకుల పువ్వులా వుండే క్లోవర్ లీఫ్ ఆడేవారికి చాలా ఇష్టం. తెరమీద ముచ్చటగానే వుంటుంది. ఒక్కో రేకును 50 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 7,854 చదరపు మీటర్లు, అంటే 1 ఎకరం 94 సెంట్లు. నాలుగు రేకులకు దాదాపు ఏడు ముప్పావు ఎకరాలు! రోడ్లు ఆక్రమించే నేల దీనికి అదనం. 25 మీటర్ల వ్యాసార్ధం గల రౌండ్ అబౌటుకు చాలేది 49 సెంట్లు. రెండు హైవేలు కలిసేచోట ఇది చాలదు, నిజమే. కాని ఇది చాలే చోట ఆ పువ్వు ఎందుకు?

ఆటలో కొత్త నేలకు ధర వుంది, యజమాని లేడు. కట్టిన ఇంటిని ఒక్క నొక్కుతో నేలమట్టం చేయవచ్చు. అడిగేవాడు లేడు. మా ఊరి పక్కగా బైపాసు వేసినప్పుడు మా ఎకరం ముప్ఫయి సెంట్ల చెక్కను రోడ్డు ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. పోయిన నేలకు డబ్బు వచ్చింది. మిగిలిన మూల ముక్క 12 సెంట్లు. పంట కాలువ ఇవతల, ముక్క అవతల. అందులో ట్రాక్టరు తిరగదు. ప్లానులో ఆ వంపు ఎంతో నున్నగా వుండివుంటుంది.

పొలం రెండుగా చీలటంవల్ల కలిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని 2013 భూసేకరణ చట్టం చెబుతుంది. కాని గీత గీసేటప్పుడే ఆ చీలికను తప్పించగలిగితే చట్టందాకా వెళ్ళే పనే వుండదు. వంపును పొలం గట్టువెంట కాస్త జరపటమో, పెద్ద నిర్మాణానికి బదులు చిన్న కూడలితో సరిపెట్టటమో చేస్తే చాలు.

కనుక పొందికైన కలయిక అంటే నా లెక్కలో ఇది: బండ్లు ఒకదానికొకటి అతి తక్కువసార్లు అడ్డుపడాలి, అందుకు అతి తక్కువ నేల ఖర్చు కావాలి. మొదటి సగం ఆట నేర్పుతుంది. రెండవ సగం నేర్చుకోవాలంటే పొలం గట్టుమీద నడవాలి. మన కళాశాలనుంచి రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా వెళ్ళే మిత్రులు ఈ రెండు సగాలనూ గుర్తుంచుకుంటారని ఆశిస్తున్నాను.