క్లోమం నుంచి ఐలెట్లు వలిచే ఎంజైములు

క్లోమ గ్రంథి చాలావరకు జీర్ణరసాలు తయారుచేసే కణజాలమే. ఇన్సులిన్ ఇచ్చే కణాల గుంపులు దాని బరువులో నూటికి ఒకటి రెండు వంతులకు మించవు. అవి కూడా ఒకచోట ఉండవు, గ్రంథి అంతటా సుమారు పది లక్షల చోట్ల చెదిరి ఉంటాయి. ఒక్కోటి సగటున మిల్లీమీటరులో ఏడో వంతు వెడల్పు. 1869లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ మొదట వీటిని వర్ణించాడు కాబట్టి పాఠ్యపుస్తకాల్లో లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. ప్రయోగశాలల్లో ఐలెట్లు అనే మాటే వాడుక. టైప్ 1 మధుమేహంలో రోగి సొంత రోగనిరోధక శక్తే ఐలెట్లలోని ఇన్సులిన్ కణాలను చంపేస్తుంది. దాత క్లోమం నుంచి ఐలెట్లను విడదీసి, రోగి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కించడం దీనికి ఒక చికిత్స. ఎక్కించే పని కొద్దిసేపట్లో అయిపోతుంది. చిక్కంతా విడదీయడంలోనే ఉంది.

పనసపండు వలిచినవారికి ఈ చిక్కు కొత్త కాదు: తొన చితకకూడదు, పీచు అంటుకుని రాకూడదు. క్లోమంలో ఆ పీచు పేరు కొల్లాజెన్. దాన్ని కరిగించే ఎంజైము కొల్లాజినేజ్ క్లోస్ట్రిడియం హిస్టోలిటికమ్ అనే బ్యాక్టీరియా నుంచి వస్తుంది. గాయాల్లో చేరి కండను కరిగించే ఆ సూక్ష్మజీవి ఆయుధమే ఇక్కడ పనిముట్టయింది. 1965లో మొస్కాలెవ్‌స్కీ గినీ పంది క్లోమంపైన, 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పాల్ లేసీ, కొస్టియనోవ్‌స్కీ ఎలుక క్లోమంపైన దీన్ని వాడారు. ఎలుక క్లోమం పల్చన, మనిషిది దట్టం, పీచుమయం. అందుకే మనిషి క్లోమానికి నమ్మకమైన పద్ధతి రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది కామిల్లో రికార్డి బృందం ప్రచురించిన పద్ధతే ఈనాటికీ ఆధారం.

ఆ పద్ధతిలో దాత గ్రంథి మంచులో వస్తుంది. చుట్టూ ఉన్న కొవ్వు తీసేసి, క్లోమనాళంలోకి గొట్టం దూర్చి, చల్లటి ఎంజైము ద్రావణం ఎక్కిస్తే గ్రంథి ఉబ్బుతుంది. తర్వాత ముక్కలుగా కోసి, అడుగున గోళీలు, పైన జల్లెడ ఉన్న పాత్రలో వేస్తారు. ద్రవం సుమారు 37 డిగ్రీల వేడితో తిరుగుతూ ఉంటుంది, పాత్రను కుదుపుతూ ఉంటారు. మధ్యమధ్య కొంచెం ద్రవం తీసి, డైథైజోన్ రంగు కలిపి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఇన్సులిన్ కణాల్లోని జింకుకు ఈ రంగు పట్టి ఐలెట్లు ఎర్రగా మెరుస్తాయి, మిగతా కణజాలానికి ఆ ఎరుపు అంటదు. మొదట ఎర్రచుక్కలు ఆ మిగతా కణజాలాన్ని తొడుగులా కప్పుకున్నట్టు కనిపిస్తాయి. కాసేపటికి తొడుగు వీడి నున్నగా తేలతాయి. ఇంకా ఆలస్యం చేస్తే అంచులు చిరిగి పొడిపొడి అవుతాయి. ఆ మధ్య ఘడియలోనే చల్లటి ద్రవం పోసి ఎంజైమును నిలపాలి. అది చూసేవారి కంటి అనుభవం మీద ఆధారపడిన నిర్ణయం. ఆపైన సాంద్రత తేడాలున్న ద్రావణంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఐలెట్లను వేరుచేస్తారు.

కంటి అనుభవం ఎంత ఉన్నా సీసాలోని ఎంజైము ప్రతిసారీ ఒకేలా ఉండకపోతే లాభం లేదు. తొలినాళ్ల కొల్లాజినేజ్ శుద్ధి చేయనిది. అందులో రకరకాల ఎంజైములు, బ్యాక్టీరియా మలినాలు కలిసి ఉండేవి, ఒక లాటుకు మరో లాటుకు పొంతన ఉండేది కాదు. మంచి లాటు దొరికితే ప్రయోగశాలలు ఎక్కువగా కొని దాచుకునేవి, అయితే దాచినకొద్దీ దాని చురుకు తగ్గేది. 1990ల్లో వచ్చిన లైబరేజ్ హెచ్‌ఐ అనే శుద్ధి చేసిన మిశ్రమం ఈ బాధను చాలావరకు తగ్గించింది. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ బృందం ఏడుగురు రోగులకు ఇన్సులిన్ సూదుల అవసరం తప్పించగలిగిందంటే ఇలాంటి ఎంజైములే ఒక కారణం. అప్పుడు కూడా ఒక్కో రోగికి కనీసం ఇద్దరు దాతల ఐలెట్లు కావలసివచ్చాయి. 2007లో మరో చిక్కు బయటపడింది. లైబరేజ్ కోసం బ్యాక్టీరియాను పెంచే పోషకద్రవంలో పశువుల మెదడు కణజాలం ఉందని తెలిసి, పిచ్చి ఆవు వ్యాధి భయంతో చాలా కేంద్రాలు ఆ సరుకు మానేశాయి. కొత్త ఎంజైములకు మారిన చాలాచోట్ల మొదట్లో ఐలెట్ల దిగుబడి పడిపోయింది.

ఆ నష్టమే ఎంజైము లోపలికి తొంగిచూసేలా చేసింది. కొల్లాజినేజ్‌లో రెండు తరగతులుంటాయి, రెండూ కలిస్తేనే పని సాగుతుంది. మొదటి తరగతి అణువుకు కొల్లాజెన్‌ను పట్టుకునే భాగాలు రెండు. తయారీలోనో నిల్వలోనో తెగితే ఒకటే మిగులుతుంది, పట్టు సడలుతుంది. విచిత్రం ఏమిటంటే, ఎంజైము చురుకుకు కొలతగా సీసా మీద రాసే వున్ష్ యూనిట్ల లెక్క ప్రధానంగా రెండో తరగతినే కొలుస్తుంది. అంటే లేబుల్ మీద అంకె బాగానే ఉంటుంది, లోపల అసలు పనివాడు కుంటుతూ ఉంటాడు! కొల్లాజెన్‌నే నేరుగా కరిగించి చూసే పరీక్షలు వచ్చాకే ఈ తేడా తేటపడింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బాలమురుగన్ బృందం తెగని మొదటి తరగతి ఎంజైము కలిపిన మిశ్రమంతో దిగుబడి పెరిగినట్టు 2012లో ప్రచురించింది.

కొల్లాజినేజ్ ఒక్కటే చాలదు. మిగతా ప్రొటీన్లను కత్తిరించే థర్మోలైసిన్ వంటి ప్రొటియేజ్ కూడా కొంత కలపాలి. తక్కువైతే తొడుగు వీడదు, ఎక్కువైతే ఐలెట్ ముక్కలవుతుంది. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. పడుచు దాతల ఐలెట్లు ఆరోగ్యంగా ఉన్నా తొడుగును వదలవు. కాబట్టి అందరికీ ఒకే మోతాదు అనే పద్ధతి పోయి, దాత వయసునీ గ్రంథి బరువునీ బట్టి మోతాదు మార్చడం మొదలైంది. జంతు పదార్థాలతో పనిలేకుండా ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసిన కొల్లాజినేజ్‌లను కూడా పరీక్షిస్తున్నారు.

అమెరికా ఎఫ్‌డీఏ 2023 జూన్‌లో మొదటిసారిగా ఒక ఐలెట్ ఉత్పత్తికి అనుమతి ఇచ్చింది. దాని పేరు లాంటిడ్రా. అందులో ఉండేవి మరణించిన దాతల క్లోమం నుంచి ఎంజైముతో విడదీసిన ఐలెట్లే.