తాపీమేస్త్రి కూతురు... మొనాకో రాణి!

హిచ్‌కాక్ తీసిన ‘రియర్ విండో’ చూసినవాళ్లు అందులోని హత్యనైనా మరచిపోతారేమో గానీ గ్రేస్ కెల్లీని మరచిపోలేరు! 1956లో మొనాకో పాలకుడు మూడవ రైనియర్‌ని పెళ్లాడి ఆమె వెండితెరకు నమస్కారం పెట్టేసింది. ‘అదృష్టమంటే ఆమెదే’ అన్నారంతా. కానీ కథ అక్కడ కంచికి చేరలేదు.

గ్రేస్ 1929లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. తండ్రి జాన్ కెల్లీ తాపీపనితో మొదలుపెట్టి పెద్ద కంట్రాక్టరయ్యాడు. పడవ పందాల్లో మొనగాడు. 1920లో ఇంగ్లండులోని హెన్లీ పందాలకు దరఖాస్తు పెడితే నిర్వాహకులు తిరగ్గొట్టారు. కూలిపని చేసిన మనిషి కావడం కూడా ఒక కారణమని చెప్పుకుంటారు. అదే ఏడాది ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు కొట్టుకొచ్చాడాయన! కొడుకు జాక్ 1947లో అదే హెన్లీలో గెలిచి తండ్రి కసి తీర్చాడు. పట్టుదల ఆ ఇంటి ఆస్తి.

ఆ ఇంటి రెండో ఆస్తి భక్తి. తల్లి మార్గరెట్ జర్మన్ ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టి, కాథలిక్కు మతం పుచ్చుకున్న ఇల్లాలు. చిన్నప్పుడు గ్రేస్ చదివింది కన్యాస్త్రీలు నడిపే బడిలో.

1951 నుంచి 1956 దాకా ఆమె నటించినవి 11 సినిమాలే. ‘ది కంట్రీ గర్ల్’లో సింగారాలన్నీ పక్కనబెట్టి, తాగుబోతు గాయకుడి భార్యగా నటించి 1955లో ఆస్కార్ అందుకుంది. చివరి చిత్రం ‘హై సొసైటీ’లో ఆమె వేలికి మెరిసేది కంపెనీవాళ్లిచ్చిన ఉంగరం కాదు సుమా! రైనియర్ తొడిగిన నిశ్చితార్థపు ఉంగరమే!

అసలు పరీక్ష 1962లో వచ్చింది. ‘మార్నీ’లో నటించమని హిచ్‌కాక్ కబురు పెట్టాడు. గ్రేస్ సరేనంది. రాజభవనం ప్రకటన కూడా చేసేసింది. అంతే, మొనాకోలో గగ్గోలు! తమ రాణి దొంగ వేషం వేయడమా? పరాయి మగవాడి కౌగిట్లో కనబడడమా? పైగా అప్పుడే ఫ్రాన్సుతో పన్నుల తగాదా ముదిరింది. చివరికి ఆమె మానుకుంది. 1964లో వచ్చిన ‘మార్నీ’లో ఆ వేషం టిపి హెడ్రెన్ వేసింది. గ్రేస్ మళ్లీ హాలీవుడ్ చిత్రాల్లో నటించలేదు.

నటించాలన్న కోరిక చచ్చిపోయి కాదండీ. 1976 నుంచి వేదికలెక్కి కవితలు చదివిందంటే లోపల ఆ దాహం ఎంతుందో ఊహించుకోండి! కానీ కాథలిక్కులకు పెళ్లి ఒక దివ్యసంస్కారం. గుడిలో దేవుడి ఎదుట ఇచ్చిన మాట. భర్త, ముగ్గురు బిడ్డలు, ఆ మాట... వీటినే ఆమె ఎంచుకుంది. అది అదృష్టమా, త్యాగమా? మీరే చెప్పాలి.

1982 సెప్టెంబరు 13న కారు నడుపుతూ కొండదారిలో ప్రమాదానికి గురైంది. పక్కన చిన్న కూతురు స్టెఫనీ ఉంది. కూతురు బతికింది. తల్లి మర్నాడు కన్నుమూసింది. అప్పటికి వయసు 52.

పెళ్లి జరిగిన సెయింట్ నికొలస్ గుడిలోనే ఆమెను సమాధి చేశారు. 2005లో పోయిన రైనియర్ సమాధి కూడా ఆ పక్కనే. ఆమె సమాధి పలక మీద లాటిన్‌లో పేరు, రైనియర్ భార్య అన్న మాట, పోయిన సంవత్సరం... అంతే! నటి అన్న మాట లేదు. ఆస్కార్ ఊసు లేదు.

ఆ సంగతి చెప్పడానికి ఆ 11 సినిమాలున్నాయిగా!