ఆముదం నుంచి బేరింగు దాకా

ముంబై రహదారి పక్కన రుద్రారం, పాశమైలారం, పటాన్‌చెరు షెడ్లలో తిరిగే మోటార్లు, పంపుల బేరింగుల్లో చాలావాటిని కాపాడేది లిథియం గ్రీసు. అందులో ఆముదం ఉందంటే వింటున్నవాళ్లు ఆశ్చర్యపోతారు.

మన పల్లెల్లో బండి ఇరుసుకు గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన పెట్టేవారు. ఎడ్ల నడకకు అది చాలింది, యంత్రాల వేగానికి చాలలేదు. సున్నంతో చేసిన కాల్షియం గ్రీసు తడికి ఆగేది కానీ, 60 డిగ్రీలు దాటితే నూనె, సబ్బు విడిపోయేవి. సోడియం గ్రీసు వేడికి ఆగినా నీళ్లు తగిలితే కరిగిపోయేది. రెంటికీ నిలిచే లిథియం గ్రీసుకు 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంటు పొందాడు. తర్వాత వచ్చిన మేలురకానికి మూలం ఆముదమే. దానికి హైడ్రోజన్ పట్టించి, తీసిన కొవ్వు ఆమ్లాన్ని లిథియం హైడ్రాక్సైడుతో కలిపితే సన్నని పోగుల సబ్బు వస్తుంది. బీరపీచు నీటిని పట్టినట్టు ఆ పోగులు నూనెను పట్టి ఉంచుతాయి. గ్రీసులో 80 శాతానికి పైగా నూనే. బేరింగులో గుండ్లు అరగకుండా చూసేదీ అదే.

ఈ గ్రీసు బొట్టుగా జారడం మొదలయ్యేది సుమారు 190 డిగ్రీల దగ్గర. డబ్బా మీద ఆ అంకె చూసి 150 దాకా భయం లేదనుకుంటారు. అక్కడే నష్టం జరుగుతుంది. జారకముందే గ్రీసు ముసలిదవుతుంది. వేడికి నూనె కొంత కారిపోతుంది, కొంత ఆవిరవుతుంది. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లాలుగా మారుతుంది. దాన్ని అడ్డుకోవడానికి కలిపిన రసాయనాలు ముందు తామే ఖర్చయిపోతాయి. అవి ఉన్నంతకాలం పైకి ఏమీ కనిపించదు. అయిపోయాక మాత్రం చెడటం ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. అరిగిన ఇనుప పొడి, గుండ్లను పట్టి ఉంచే ఇత్తడి బోనులోని రాగి ఆ వేగాన్ని ఇంకా పెంచుతాయి. పోగులు తెగి గ్రీసు మొదట పలచబడవచ్చు. చివరికి నల్లటి జిగురై, గట్టి పెచ్చై గుండ్లకు అంటుకుంటుంది. అప్పుడు బేరింగు అరుస్తుంది.

బేరింగు ఇంజనీర్లు పాటించే లెక్క ఒకటుంది: 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకు గ్రీసు ఆయుష్షు సగమవుతుంది. 70 దగ్గర ఆరు నెలలు పనిచేసేది 85 దగ్గర మూడు నెలలు, 100 దగ్గర నెలన్నర. ఈ లెక్క మన ఎండలకు ఎంత ముఖ్యమో చూడండి. జనవరిలో షెడ్డులో 25 డిగ్రీలుంటే మే నెలలో రేకుల కింద 40 దాటుతుంది. మోటారు అదే, లోడు అదే, అయినా బేరింగు 15 డిగ్రీలు ఎక్కువ వేడిలో తిరుగుతోంది. ఏడాదంతా ఒకే తేదీల పట్టికతో గ్రీసు పెట్టడం తప్పని నేను గట్టిగా చెబుతాను.

అలాగని గ్రీసు గన్నుతో నిండా కొట్టడం మందు కాదు. బేరింగులో ఖాళీ పూర్తిగా నింపితే గ్రీసు చిలికినట్టయి అదే వేడి పుట్టిస్తుంది. సాధారణంగా మూడో వంతు నుంచి సగం నింపితే చాలు. వేరే రకం గ్రీసు కలపవద్దు, కొన్ని జతలు కలిస్తే నీరుగారిపోతాయి.

మెయింటెనెన్సు చూసే తమ్ముళ్లు ఒక్క పని చేయండి. గ్రీసు పెట్టిన తేదీ పక్కన బేరింగు వేడి ఎంతో కూడా రాయండి. 70 దాటిన బేరింగులకు వేసవిలో గడువు సగానికి తగ్గించండి.