రచ్చ గెలిచి... ఇంట ఓడి!

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. అమెరికాలో అల్‌ గోర్‌ కథ దానికి పూర్తిగా తిరగబడింది. 2000 అధ్యక్ష ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద జార్జ్‌ బుష్‌ కన్నా ఆయనకే అయిదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. కానీ అక్కడ గెలుపును తేల్చేది రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టోరల్‌ ఓట్లు. అవేమో బుష్‌కి 271, గోర్‌కి 266. సొంత రాష్ట్రం టెనెసీలోని 11 ఓట్లు దక్కి ఉంటే, ఫ్లోరిడా లెక్కింపు గొడవతో పనిలేకుండా గోరే అధ్యక్షుడయ్యేవారు!

దక్షిణాదివారికి 'మనవాడు' అన్న అభిమానం లేకపోలేదు. ఒకప్పుడు అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన 11 దక్షిణాది రాష్ట్రాల్లో 10 రాష్ట్రాలు 1976లో జార్జియా వేరుసెనగ రైతు జిమ్మీ కార్టర్‌ని గెలిపించాయి. 1980లో ఆయన చిత్తుగా ఓడినా జార్జియా మాత్రం చెయ్యి వదల్లేదు.

మరి గోర్‌కేమైంది? సెనెటర్‌ కొడుకుగా ఆయన చిన్నతనం ఎక్కువగా వాషింగ్టన్‌లోనే గడిచింది. పైగా తుపాకుల మీద ఆంక్షలు, అబార్షన్‌ లాంటి విషయాల్లో ఆయన పార్టీకీ దక్షిణాది తెల్లవారికీ అప్పటికే దూరం పెరిగింది. బుష్‌ పుట్టిందేమో ఉత్తరాదిన, కనెక్టికట్‌లో. అయినా పెరిగిన టెక్సాస్‌ యాసతో, చర్చి కబుర్లతో ఆ ప్రాంతంలో కలిసిపోయారు.

పుట్టిన ఊరు ఏదైనా ఫర్వాలేదు... ఓటరుకి 'మనవాడే' అనిపిస్తే చాలన్నమాట!